రావలసింది ఎప్పుడు? ఇవ్వవలసింది ఎప్పుడు?

నలుగురు ఆడవాళ్లు కలిసి ఒక చిన్న వ్యాపారం మొదలుపెట్టారనుకోండి. ఆరు నెలలయ్యాక ఎవరు కనిపించినా మొదట అడిగే ప్రశ్న ఒకటే. ‘‘ఏమ్మా, లాభం వస్తోందా?’’ అని. ‘‘శనివారం కూలి డబ్బులకి ఇబ్బంది లేదు కదా?’’ అని అడిగేవాళ్లు ఉండరు. నిజానికి వ్యాపారం నిలబడేదీ, కూలబడేదీ ఆ రెండో ప్రశ్న దగ్గరే.

లాభం వేరు, రొక్కం వేరు. వంద రూపాయల సరుకు నూట ముప్ఫైకి అమ్మితే ముప్ఫై రూపాయలు లాభమే. కాదనం. కానీ ఆ నూట ముప్ఫై మూడు నెలల తర్వాత చేతికొస్తుంది, వంద మాత్రం ఈ రోజే ఇచ్చేయాలి. మధ్యలో ఆ మూడు నెలలూ ఎవరు మోయాలి? బయటికి చూస్తే ఆర్డర్లు, అభినందనలు, పేపర్లో ఫొటో. లోపల చూస్తే పాలవాడికి కూడా వాయిదా! ‘ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత’ అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

ఇల్లు నడిపే ఆడవాళ్లకి ఈ సంగతి కొత్తేమీ కాదు. జీతం ఒకటో తారీఖున వస్తుంది. స్కూలు ఫీజు అయిదున, చిట్టీ పదిన, గ్యాసు ఎప్పుడు అయిపోతే అప్పుడు. ఏది ముందు, ఏది వెనక అని లెక్క వేసుకుంటూనే ఉంటాం. ఆ తెలివినే కాస్త కాగితం మీద పెడితే వ్యాపారానికి సరిపోతుంది. నాలుగేళ్లుగా ఆ పని చూస్తున్నదాన్ని కాబట్టి, నాకు తెలిసింది మీతో చెప్పుకుందామని ఈ వ్యాసం.

వేసవిలో పోసి, ఏడాదంతా ఏరుకోవడం

మా తోడికోడలూ, ఆమె స్నేహితురాలూ కలిసి రాజమండ్రిలో పచ్చళ్లు, పొడులు, పిండివంటల వ్యాపారం పెట్టారు. ‘స్టార్టప్’ అంటే కంప్యూటర్ల వాళ్ల మాట అనుకుంటాం కానీ, కొత్తగా మొదలై పెరగాలని చూసే ఏ చిన్న సంస్థకైనా కష్టాలు ఒకటే. ఎనిమిది మంది ఆడవాళ్లు వాళ్ల దగ్గర పనిచేస్తున్నారు. రుచి మా తోడికోడలి చేతిలో ఉంది. ఆర్డర్లు తెచ్చే నేర్పు ఆ స్నేహితురాలిది. ‘‘అక్కా, డబ్బు వచ్చే దారీ, పోయే దారీ నువ్వు చూడు’’ అని ఒక పుస్తకం, రెండు పెన్నులు నా చేతిలో పెట్టారు. నేను చదివింది బి.ఏ. తీరిక దొరికితే కథలు రాసుకుంటాను. డెబిట్టు, క్రెడిట్టు ఆడిటరుగారు చూసుకుంటారు. ఏ రోజు ఎంత వస్తుంది, ఏ రోజు ఎంత పోతుంది అన్నది మాత్రం నా పని.

పచ్చళ్ల వ్యాపారంలో ఒక తమాషా ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొత్త మిరపకాయలు వస్తాయి. గుంటూరు నుంచి ఏడాదికి సరిపడా తెప్పించుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మామిడికాయ. తోట దగ్గర కాయ కోసిన రోజే డబ్బు లెక్కపెట్టాలి. అరువు అంటే ఆ కాయ పక్కవాడి బండెక్కుతుంది. నూనె, ఆవపిండి, ఉప్పు, జాడీలు, కాయ కొట్టే కూలి... అన్నీ ఆ రెండు నెలల్లోనే. అంటే ఏడాది పెట్టుబడిలో పెద్ద భాగం ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతుంది. ఆ ఆవకాయ అమ్ముడయ్యేది మాత్రం తర్వాత పది పన్నెండు నెలల్లో, సీసా సీసాగా.

పిండివంటలకి లెక్క వేరు. అరిసెలు, జంతికలు, సున్నుండలు దసరాకీ, సంక్రాంతికీ ఒక్కసారిగా కావాలి. బెల్లం, నెయ్యి, మినుములు ముందు వారం కొనాలి. డబ్బు పండగయ్యాక వస్తుంది. పొడులకి ఈ బాధ తక్కువ. ఈ వారం చేసింది వచ్చే వారానికి అమ్ముడైపోతుంది.

అందుకే ఏ వ్యాపారమైనా మొదట తెలుసుకోవలసింది ఇది. మన రూపాయి చేతి నుంచి బయలుదేరి, సరుకై, అమ్ముడై, తిరిగి మన చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతోంది? కందిపొడిలో పెట్టిన రూపాయి రెండు వారాల్లో వస్తే, ఆవకాయలో పెట్టింది పది నెలలకి వస్తుంది. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. బట్టలు కుట్టించి అమ్మేవాళ్లయినా, పిల్లల బొమ్మలు చేసేవాళ్లయినా తమ తమ సరుక్కి ఈ లెక్క వేసుకోవచ్చు.

వచ్చే డబ్బుకి నాలుగు దారులు

డబ్బంతా ఒకలా రాదు. మా పుస్తకంలో దాన్ని నాలుగు ఖాతాలుగా రాస్తాను.

మొదటిది చేతికి చేయి. ఇంటికొచ్చి కొనుక్కునేవాళ్లు, ఫోన్లో యూపీఐ కొట్టేవాళ్లు. ఆ నిమిషానికే జమ. యూపీఐ 2016లో వచ్చాక చిన్న వ్యాపారులకి కలిగిన మేలు ఇంతా అంతా కాదు. ఒక్క జాగ్రత్త ఉంది. ‘పంపించేశానండీ’ అని చూపించే ఫోటో మీద ఆధారపడకండి. మన బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే పార్సిలు కట్టాలి.

రెండోది ఆన్‌లైన్ అమ్మకం. కొన్నవాళ్లు కార్డుతో కట్టిన డబ్బు మధ్యలో ఉండే చెల్లింపు సంస్థ దగ్గర రెండు మూడు రోజులు ఆగి, వాళ్ల రుసుము పట్టుకుని మనకి వస్తుంది. వెయ్యి రూపాయల ఆర్డరుకి వెయ్యీ రాదు. వచ్చింది ఏ ఏ ఆర్డర్లదో విడదీసి రాసుకోకపోతే నెలాఖరుకి తల పట్టుకోవాలి.

మూడోది ‘సరుకు అందాక డబ్బు’. కొరియరు కుర్రాడు ఇంటి దగ్గర వసూలు చేసుకుంటాడు. ఆ కంపెనీ వారానికో, పది రోజులకో మనకి పంపుతుంది. తలుపు తాళం వేసి ఉంటే పార్సిలు తిరిగొస్తుంది. అప్పుడు పోనూ రానూ ఖర్చు మనదే. సీసా పగిలితే అదీ మనదే. ఆర్డరు ఇచ్చారు కదా అని జమ రాసేసుకుంటే, ‘ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్నట్టే!

నాలుగోది దుకాణాల అరువు. పెద్ద ఆర్డరు అంటే మనసు ఉప్పొంగుతుంది. నెల గడువు అంటారు. రెండున్నర నెలలకి ఇస్తారు. ఇందులో ‘మనవాళ్లే కదా’ ఖాతా కూడా కలపండి. చుట్టాలు తీసుకెళ్లిన సీసాలకి గడువూ ఉండదు, అడగడానికి నోరూ రాదు. మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. చుట్టాలకి బహుమతిగా ఇస్తే ఖర్చు కింద రాస్తాం, అమ్మితే డబ్బు అప్పుడే తీసుకుంటాం. మధ్యరకం లేదు. మొదట్లో మా అత్తగారు కాస్త నొచ్చుకున్నారు. ఇప్పుడు ఆవిడే ‘‘డబ్బు ఇచ్చి పట్టుకెళ్లమ్మా, పిల్లలు కష్టపడుతున్నారు’’ అని చెబుతున్నారు!

పోయే డబ్బులో ఆగేది, ఆగనిది

ఇచ్చేవాటిని కూడా వరసలో పెట్టుకోవాలి. ఆగనివి కొన్ని ఉంటాయి. పనివాళ్ల కూలి, రైతు డబ్బు, కరెంటు బిల్లు, ప్రభుత్వానికి కట్టవలసిన పన్ను. మాట్లాడుకుంటే ఆగేవి కొన్ని. సీసాలు, మూతల వ్యాపారి, లేబుళ్లు అచ్చువేసే ప్రెస్సు, అద్దె. ఇంకొన్ని అసలు వాయిదా వేసుకోదగ్గవి. కొత్త మిక్సరు, గోడలకి రంగు, ఎగ్జిబిషన్లో స్టాలు.

కూలి మాత్రం అన్నిటికంటే ముందు. లిజ్జత్ అప్పడాల కథ మీకు తెలిసే ఉంటుంది. 1959లో ముంబైలోని గిర్గాంలో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. ఎన్ని అప్పడాలు ఒత్తితే అంత కూలి ఇవ్వడం అక్కడి పద్ధతి. ఒత్తిన చేతికి డబ్బు అందడమే ఆ సంస్థకి పునాది. చెమటోడ్చిన మనిషి ఎదురుచూడకూడదన్నది మాకూ నియమమే.

పన్ను సంగతిలో చాలామందికి తెలియని చిక్కొకటి ఉంది. సరుకులు అమ్మేవాళ్లకి జీఎస్టీ బాధ్యత బిల్లు ఇవ్వడంతోనే వచ్చేస్తుంది. కొన్నవాళ్లు మనకి డబ్బు ఇచ్చారా లేదా అని ప్రభుత్వం చూడదు. నెలనెలా రిటర్ను వేసేవాళ్లు తర్వాతి నెల 20వ తేదీలోగా కట్టాలి. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. పచ్చళ్ల మీద అంతకుముందు 12 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి ఆ బరువు కాస్త దిగింది. అయినా అరువు బిల్లు మీద పన్ను మన జేబులోంచి ముందు వెళ్లే మాట వాస్తవం. నేను పన్ను డబ్బుని వచ్చిన రోజే వేరే ఖాతాలోకి మార్చేస్తాను. అది మనది కాదు, మన దగ్గర దాచిన సొమ్ము అంతే.

ఒక కాగితం, నాలుగు వారాలు

ఇక అసలు పని. చిట్టా అంటే జరిగిపోయినవాటి లెక్క. మనకి కావలసింది జరగబోయేవాటి లెక్క. ఒక కాగితం మీద వారానికో గడి గీయండి. మొదట చేతిలో ఉన్న నిల్వ, దాని కింద రావలసినవి, ఆ కింద ఇవ్వవలసినవి, అడుగున మిగిలే నిల్వ. ఒక ఉదాహరణ చూద్దాం.

నెల మొదట్లో చేతిలో 1,10,000 ఉంది. మొదటి వారం 45,000 వస్తుంది. కూలి 24,000, సీసాలవాడి పాత బాకీ 36,000 పోతాయి. మిగిలేది 95,000. రెండో వారం 40,000 వస్తుంది. కూలి 24,000తో పాటు మిరపకాయలకీ నూనెకీ 81,000. మిగిలేది 30,000. మూడో వారం వచ్చేది 35,000. కూలి 24,000, పన్ను 15,000, అద్దె 12,000, కొరియరు 28,000 కలిపి పోయేది 79,000. అంటే 14,000 తక్కువ! నాలుగో వారం ఒక దుకాణం నుంచి 1,80,000 వస్తుంది, కూలి 24,000 పోతుంది. నెలాఖరుకి చేతిలో 1,42,000.

నెల మొత్తం చూస్తే 32,000 పెరిగింది. భేషుగ్గా ఉంది కదా అనిపిస్తుంది. కానీ మూడో వారంలో 14,000 లేక ఎవరి ముందో చేయి చాచాలి. నెల లెక్కలో కనపడని గొయ్యి వారం లెక్కలో కనపడింది. ఇంకా రెండు వారాలు ముందే కనపడింది కాబట్టి దారీ ఉంటుంది. మిరపకాయలూ నూనే రెండు విడతలుగా కొని, 40,000 నాలుగో వారానికి జరిపితే మూడో వారంలో 26,000 మిగులుతుంది. నెలాఖరు నిల్వ మాత్రం అదే 1,42,000. ఒక్క పైసా అప్పు లేకుండా గట్టెక్కాం!

రావలసినవి రాసేటప్పుడు వాళ్లు చెప్పిన తేదీ రాయకండి. పోయినసారి నిజంగా ఇచ్చిన తేదీని బట్టి రాయండి. నెల అని చెప్పి డెబ్బై రోజులకి ఇచ్చిన దుకాణం ఈసారీ డెబ్బై రోజులకే ఇస్తుందనుకోవడం క్షేమం. ముందే ఇస్తే సంతోషం. ఇవ్వవలసినవి మాత్రం అసలు తేదీకే రాయాలి. ప్రతి సోమవారం ఒక గంట కూర్చుని, అయిపోయిన వారాన్ని కొట్టేసి, చివర కొత్త వారాన్ని చేర్చాలి. మేము పదమూడు వారాలు, అంటే మూడు నెలలు, ముందుకి చూసుకుంటాం. సంక్రాంతి బెల్లం డబ్బు గురించి దసరా నాటికే తెలియాలి మరి.

బిల్లు నిద్రపోయిన చోటు

2023 దసరాకి హైదరాబాదులో ఒక సూపర్ బజారు సంస్థ మాకు పెద్ద ఆర్డరిచ్చింది. సెప్టెంబరు చివర సరుకు పంపాం. 2,40,000 బిల్లు, నెల గడువు. అక్టోబరు అయింది, నవంబరు అయింది. ఫోను చేస్తే ‘‘వచ్చే వారం మేడమ్’’ అన్నారు. ఆ వచ్చే వారం డిసెంబరు ఆఖరు దాకా రాలేదు.

అప్పుడు సంక్రాంతి అరిసెల ఆర్డర్లు ముసురుకున్నాయి. ఒక శుక్రవారం సాయంత్రం గల్లాలోదీ బ్యాంకులోదీ కలిపి చూస్తే 31,000. తెల్లారితే కూలి 24,000. సోమవారం బెల్లం వ్యాపారికి 40,000 ఇవ్వాలి. పనిచేసేవాళ్లలో ఒకామె కూతురికి ఆ సోమవారమే కాలేజీ ఫీజు ఆఖరి తేదీ. ‘‘అమ్మగారండీ, రేపు డబ్బులు అందుతాయి కదండీ?’’ అని పొద్దుట్నుంచి రెండుసార్లు అడిగింది. మా తోడికోడలు ఏమీ మాట్లాడకుండా చేతి గాజులు తీసి బల్ల మీద పెట్టింది. ‘‘బ్యాంకు తెరవగానే వీటిని పెట్టేద్దాం అక్కా’’ అంది. పెళ్లినాటి గాజులవి.

గాజులు మళ్లీ చేతికి వేయించి, ముందు కాగితం తీశాను. కూలి కదలడానికి వీల్లేదు. అది పోగా 7,000 ఉంటుంది. శని, ఆదివారాల్లో ఇంటి దగ్గర అమ్మకం, ఫోన్లో వచ్చే ఆర్డర్లు కలిపి 15,000కి తక్కువ ఎప్పుడూ లేదు. అంటే సోమవారానికి 22,000. బెల్లం వ్యాపారికి ఆ రాత్రే ఫోను చేశాం. ‘‘సోమవారం సగం ఇస్తాం, మిగతా సగం గురువారం. సరుకు మాత్రం ఆపొద్దండీ’’ అన్నాం. గడువు దాటాక చెబితే ఆయనకి కోపం వచ్చేది. రెండు రోజుల ముందే చెప్పాం కాబట్టి, ‘‘ఇన్నాళ్ల బేరం, ఆ మాత్రానికేం’’ అన్నాడు. శనివారం సాయంత్రం ఎనిమిది కవర్లూ పంచాం. ఆ పిల్ల ఫీజు కట్టారు.

సోమవారం నుంచి నేను ఆ సూపర్ బజారు వెంట పడ్డాను. అప్పటిదాకా మేము మాట్లాడుతున్నది ఆర్డరిచ్చిన ఆయనతో. డబ్బు ఇచ్చేది ఆయన కాదు! అకౌంట్సు విభాగం నెంబరు సంపాదించి అడిగితే, అసలు సంగతి బయటపడింది. సరుకు అందినట్టు వాళ్ల గోడౌను నుంచి కాగితం రాలేదట. అది రాకపోతే బిల్లు వాళ్ల కంప్యూటర్లోకి ఎక్కదు. మూడు నెలలు మా బిల్లు ఒక ఫైల్లో హాయిగా నిద్రపోయింది! సరుకు దించుకున్నప్పుడు గోడౌను ముద్ర వేసి ఇచ్చిన చలానా మా దగ్గర భద్రంగా ఉంది. దాని నకలు పంపాం.

‘‘సరే మేడమ్, ఈ రోజు నుంచి నలభై అయిదు రోజుల్లో...’’ అన్నారు అవతలి నుంచి. అప్పుడు మా ఆడిటరుగారు చెప్పిన మాటలతో ఒక ఉత్తరం రాశాం, మర్యాదగానే. జనవరి 11న మొత్తం డబ్బు ఖాతాలో పడింది. ఆ సంస్థకి ఇప్పటికీ సరుకు ఇస్తున్నాం, సగం ముందే తీసుకుని!

ఆ ఉత్తరంలో ఏముంది?

చిన్న పరిశ్రమల కోసం 2006లో ఒక చట్టం వచ్చింది. ఎం.ఎస్.ఎం.ఇ. అభివృద్ధి చట్టం అంటారు. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకున్నవాళ్లు, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులో ఉన్న తేదీకి చెల్లించాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. సరుకు తీసుకున్న నాటి నుంచి లెక్క. ‘బిల్లు మా కంప్యూటర్లోకి ఎక్కిన నాటి నుంచి’ కాదు! గడువు మీరితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇవ్వకపోతే ఫెసిలిటేషన్ కౌన్సిలుకి ఫిర్యాదు చేయొచ్చు.

దీనికి తోడు 2023 ఫైనాన్స్ చట్టం ఇంకో బిగింపు తెచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకి గడువులోగా చెల్లించని మొత్తాన్ని కొన్న కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదు. నిజంగా చెల్లించిన ఏడాదే చూపుకోవాలి. అంటే మన బాకీ ఉంచుకుంటే వాళ్ల ఆదాయపు పన్ను పెరుగుతుంది. 2024 మార్చి దగ్గర పడుతున్నకొద్దీ పెద్ద కంపెనీల అకౌంటెంట్లు చిన్నవాళ్ల బిల్లులు వెతికి మరీ ఇవ్వడానికి కారణం ఇదే.

ఈ రక్షణ కావాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 జూలై 1 నుంచి ఉన్న ఈ నమోదు ఉచితం. ప్రభుత్వ వెబ్‌సైటులో ఆధార్ నెంబరుతో మనమే చేసుకోవచ్చు. డబ్బు అడిగే మధ్యవర్తుల్ని నమ్మకండి. సరుకు పంపకముందే నమోదు చేసుకుని, ఆ నెంబరు బిల్లు మీద అచ్చు వేయించండి. ఒక మాట గుర్తుంచుకోండి. ఆలస్యపు చెల్లింపుల విషయంలో ఈ రక్షణ తయారీదార్లకీ సేవలందించేవాళ్లకీ ఉద్దేశించింది. కొని అమ్మే వ్యాపారులకి వర్తించదు.

ఎవరైనా ముందు తేదీ వేసి చెక్కు ఇస్తే అది కూడా గడువున్న వస్తువే. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. డబ్బు లేక తిరిగొస్తే, బ్యాంకు ఆ సంగతి తెలిపిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో ఇవ్వకపోతే, ఆ తర్వాత నెలలోగా కోర్టులో ఫిర్యాదు చేయాలి. మొహమాటంతో ఈ తేదీలు దాటనిస్తే చేతిలో ఉన్న ఆయుధాన్ని మనమే పారేసుకున్నట్టు.

అడగడానికి మొహమాటమెందుకు?

చట్టం దాకా వెళ్లే అవసరం నూటికి తొంభైసార్లు రాదు. అడిగితే చాలు. కానీ మనకి అడగడమే రాదు! పచ్చడి రుచి గురించి పది నిమిషాలు మాట్లాడగలం, డబ్బు మాట వచ్చేసరికి గొంతు సన్నబడుతుంది. ‘అడిగితే ఏమనుకుంటారో, మళ్లీ ఆర్డరిస్తారో లేదో’ అనే బెరుకు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా. మన సరుకు వాళ్ల బీరువాలో ఉంది. మన డబ్బు మనం అడుగుతున్నాం.

అడగడానికీ ఒక క్రమం పెట్టుకుంటే గొంతు వణకదు. గడువుకి వారం ముందు ‘ఫలానా బిల్లు ఫలానా తేదీకి రావలసి ఉంది, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయా?’ అని ఒక సందేశం. గడువు నాడు ఫోను. వారం దాటితే ఉత్తరం. అప్పటికీ రాకపోతే పాత బాకీ తీరేదాకా కొత్త సరుకు పంపకపోవడం. దెబ్బలాట అక్కర్లేదు. ‘‘డబ్బెప్పుడు ఇస్తారు?’’ అంటే ‘‘చూస్తాం’’ అనే జవాబొస్తుంది. ‘‘ఏ తేదీకి వేయమంటారు, రాసుకుంటాను’’ అంటే తేదీ వస్తుంది!

ఇదే మర్యాద మనం ఇచ్చేవాళ్లకీ ఉండాలి. మూతల వ్యాపారీ మనలాంటివాడే. అతనింట్లోనూ ఫీజులుంటాయి. మనకి రాలేదని అతనికి ఎగ్గొడితే, గడువు మీరిన బాకీ ఊరంతా చేతులు మారుతుంది. ఇవ్వలేని రోజు ముందుగా చెప్పి, చెప్పిన కొత్త తేదీకి తప్పకుండా ఇస్తే మాట నిలబడుతుంది. ‘నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది’.

అప్పు అవసరమైతే?

ఎంత సర్దినా మామిడి కాలంలో కొంత తక్కువ పడుతుంది. అది తప్పు కాదు, ఆ సరుకు స్వభావం. అలాంటి కాలం కోసం బ్యాంకుని ముందే కలవాలి. గొయ్యిలో పడ్డాక అడిగితే ఎవరూ ఇవ్వరు. జనవరిలో మా వారాల కాగితం పట్టుకుని వెళ్లాం. ఎంత కావాలి, ఎప్పుడు కావాలి, ఎప్పుడు తీరుస్తాం అన్నీ అందులోనే ఉన్నాయి. మేనేజరుగారు మా తోడికోడలు పెట్టుకెళ్లిన ఆవకాయ కంటే ఆ కాగితాన్నే ఎక్కువ మెచ్చుకున్నారు!

2015లో మొదలైన ముద్ర పథకంలో 50 వేల లోపు శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్ రుణాలు ఉన్నాయి. తరుణ్ రుణం సక్రమంగా తీర్చినవాళ్లకి 20 లక్షల దాకా పరిమితిని 2024లో పెంచారు. మిషను కొనడానికి వాయిదాల రుణం తీసుకోండి. సరుకు కొనడానికి క్యాష్ క్రెడిట్ లాంటిది మేలు. వాడుకున్నంతకే, వాడుకున్నన్ని రోజులకే వడ్డీ. ఈ రెంటినీ తారుమారు చేస్తే ఇబ్బంది. సరుకు డబ్బుతో మిషను కొంటే మామిడికాయ నాటికి చేయి ఖాళీ.

ఇంటి డబ్బుని మాత్రం వ్యాపారంలో కలపకండి. ఒకే ఖాతాలో రెండూ ఉంటే, వ్యాపారం ఇంటిని పోషిస్తోందో, ఇల్లే వ్యాపారాన్ని పోషిస్తోందో ఎప్పటికీ తెలియదు. మా తోడికోడలూ స్నేహితురాలూ నెలకి ఇంత అని తమకి జీతం రాసుకున్నారు. నాకూ కొంత ఇస్తున్నారు. ‘ఇంట్లో మనిషే కదా’ అని ఊరికే చేయించుకోలేదు. చేసిన పనికి ధర లేకపోతే వ్యాపారం లెక్క తప్పుతుంది.

ఇవి గుర్తుంచుకోండి

* సరుకు పంపకముందే గడువు తేదీ కాగితం మీద రాయించుకోండి. ఆర్డరు నెంబరు బిల్లు మీద తప్పకుండా వేయండి.

* సరుకు దించిన చోట ముద్ర, సంతకం, తేదీ వేయించిన చలానా దాచండి.

* ఆర్డరిచ్చేవాళ్ల నెంబరుతో పాటు డబ్బిచ్చేవాళ్ల నెంబరు కూడా మొదటి రోజే తీసుకోండి.

* అమ్మకాల్లో సగం కంటే ఎక్కువ ఒకే దుకాణానికి అరువు ఇవ్వకండి. ఆ ఒక్కరు ఆగితే అందరం ఆగుతాం.

* నాలుగు వారాల కూలికి సరిపడా డబ్బు విడిగా ఉంచండి. పండగ ఆర్డరు ఎంత పెద్దదైనా దాని జోలికి వెళ్లకండి.

* చిన్న ఆర్డర్లకి పూర్తిగా, పెద్దవాటికి సగమైనా ముందు తీసుకోండి.

* ఇవ్వవలసినవాళ్లకి వారంలో ఒకే రోజు చెల్లించండి. మేము గురువారం పెట్టుకున్నాం. రోజుకొకరు తలుపు తట్టే బాధ తప్పుతుంది, వాళ్లకీ ఎదురుచూసే పని ఉండదు.

ఇదంతా పెద్ద చదువులు చదివితేనే వచ్చే విద్య కాదు. నెలాఖరున పది రూపాయలు మిగిల్చే ప్రతి ఇల్లాలికీ సగం వచ్చినట్టే. పొడుపు సంఘాల్లో వాయిదా తేదీ మరిచిపోని అక్కచెల్లెళ్లకి ముప్పాతిక వచ్చినట్టు! మిగతాదానికి ఒక కాగితం, సోమవారం ఒక గంట, డబ్బు మాట అడగడానికి కాస్త ధైర్యం చాలు. రుచి చూసి కొన్నవాళ్లు మళ్లీ వస్తారు, నిజమే. కానీ వాళ్లు వచ్చేసరికి దుకాణం తెరిచి ఉండాలి, లోపల పొయ్యి వెలుగుతూ ఉండాలి, రోకలి పట్టిన చేతికి కూలి అంది ఉండాలి. ఆ పూచీ మన లెక్కల పుస్తకానిది.